బాలుంగలో లేని రెండో జన్యువు

శ్రీకాకుళం దగ్గరి వరి పరిశోధన స్థానంలో నేను ప్రధాన శాస్త్రవేత్తగా చేరింది ఒక జూన్ నెల మొదటి సోమవారం ఉదయం. అప్పటికి నా పదవీ విరమణకు ఐదేళ్లుంది. పుట్టి పెరిగింది చీపురుపల్లి పక్కనే గానీ, కళాశాల చదువు ముగిసిన నాటి నుంచి ఉద్యోగమంతా తెలంగాణ జిల్లాల్లోనే గడిచింది. సొంత ప్రాంతంలో పనిచేసే అవకాశం చివరికి గానీ రాలేదు. బదిలీ ఉత్తర్వుతో పాటు వచ్చిన రెండో కాగితంలో నాకు అప్పగించిన పథకం పేరుంది: వరి జాతులలో ఒత్తిడిని ఎదుర్కొనే రక్షణ ప్రోటీన్లు, వాటి జన్యువులపై కంప్యూటర్ ఆధారిత అధ్యయనం. గడువు మూడేళ్లు. సిబ్బంది, నాతో కలిపి ఇద్దరు.

ఆ కేంద్రానికి బాధ్యుడైన అధికారిని స్థానాధిపతి అంటారు. ఆయన ఆ పేరు రెండుసార్లు చదివి కొంచెం ఇబ్బందిగా నవ్వారు. అక్కడ ప్రయోగశాల అనదగ్గది లేదు. మట్టి పరీక్షల గది, విత్తనాల గిడ్డంగి, మిగతాదంతా పొలం. ఒక గది, రెండు కంప్యూటర్లు ఇవ్వగలననీ, పొలం మాత్రం అడగవద్దనీ, ఉన్న మళ్లు కొత్త రకాల పరీక్షలకే చాలడం లేదనీ చెప్పారు. పొలం నాకు అక్కర్లేదన్నాను. ముప్పై ఏళ్లు వరి మీద పనిచేసిన మనిషిని, నా నోటి నుంచి ఆ మాట రావడం అదే మొదటిసారి.

నేను మొక్కల ప్రజననం చదువుకున్నదాన్ని. మా పని ఇలా ఉంటుంది. తెల్లవారగానే పొలంలోకి దిగి, పువ్వు విచ్చుకోకముందే చిన్న కత్తెరతో కొస కత్తిరించి, లోపలి కేసరాలు తీసేసి, ఇంకో రకం పుప్పొడిని దులపాలి. వచ్చిన గింజను నాటి, అందులో మంచివి ఏరి, మళ్లీ నాటి, మళ్లీ ఏరాలి. ఎనిమిది తొమ్మిదేళ్లకు ఒక రకం చేతికొస్తుంది, వస్తే. నేను అలా పెంచిన ఒక సంకరం చివరి మెట్టు దాకా వెళ్లింది. ఆ మెట్టును మినీకిట్ దశ అంటాం. చిన్న చిన్న సంచుల్లో విత్తనం రైతులకిచ్చి వాళ్ల పొలాల్లోనే పరీక్షించే దశ. అక్కడ తెగులు సోకి ఆగిపోయింది. ఆ తర్వాత నా పేరు మీద విడుదలైన రకం ఒక్కటీ లేదు. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేయబోయిన పొరపాటుకు మూలం అక్కడే ఉంది.

వరి అనగానే మనకు తినే జాతే గుర్తొస్తుంది. దానికి ఇరవై వరకు అడవి చుట్టాలున్నాయి. వాటిలో ఒకటి మన గెడ్డల్లోనూ, అంటే చిన్న వాగుల్లోనూ, రోడ్డు పక్క గుంటల్లోనూ దానంతట అదే మొలుస్తుంది. పుస్తకాల్లో దాన్ని నివ్వరి అంటారు. ఒడిశా సరిహద్దు పల్లెల్లో ఒరియా మాట వాడి బాలుంగ అంటారు. గింజకు పొడవాటి ముల్లుంటుంది. పండీ పండకముందే రాలిపోతుంది. రైతుకు అది ఉత్త కలుపు. మాకు మాత్రం అది విలువైనది, ఎందుకంటే ఎవరూ నీళ్లు పెట్టకుండా, మందు కొట్టకుండా వేల ఏళ్లు బతికింది.

కరువు, ముంపు, ఉప్పు నేల, ఎండదెబ్బ, వీటన్నిటినీ మేం ఒత్తిడి అంటాం. ఒత్తిడిలో పడ్డ మొక్క కణాల్లో ప్రాణవాయువే విషంగా మారుతుంది. ఆ విషాన్ని విరిచే ప్రోటీన్లలో పెరాక్సిడేజ్‌లు ఒక కుటుంబం. వరిలో ఈ కుటుంబానికి వందకు పైగా జన్యువులున్నాయి. ఏ జాతిలో ఎన్ని ఉన్నాయి, ఏది ఏ కష్టంలో పనిలోకి దిగుతుంది, అడవి జాతుల్లో ఉండి మన వరిలో లేనిది ఏదైనా ఉందా, ఇవీ నాకిచ్చిన ప్రశ్నలు. దీనికి మొక్కను ముట్టుకోనక్కర్లేదు. ప్రపంచంలోని పరిశోధన సంస్థలు వరి జాతుల జన్యుక్రమాలు చదివి అందరికీ అందుబాటులో ఉంచుతాయి. తెలిసిన ఒక పెరాక్సిడేజ్‌ను చేతిలో పెట్టుకుని, దానిలాంటివి ఏ జాతిలో ఎక్కడెక్కడ ఉన్నాయో కంప్యూటర్‌తో వెతికించి, దొరికినవాటికి వంశవృక్షం గీయడమే పని.

ఆ వెతకడం నాకు రాదు. అది చేసింది మౌనిక. సీనియర్ రీసెర్చ్ ఫెలో అనే తాత్కాలిక హోదాలో నా కింద చేరింది. వయసు ఇరవై ఎనిమిది. కొత్తవలసలో వాళ్ల నాన్నగారికి కిరాణా, బియ్యం కొట్టు. శ్రీకాకుళంలో హాస్టల్లో ఉండి శనివారం సాయంత్రం రైలెక్కి ఇంటికి వెళ్లేది. బయోటెక్నాలజీ చదివింది గానీ, కంప్యూటర్ పని ఎవరూ నేర్పకుండా తనే నేర్చుకుంది. ఈ పథకంలోని పని మీదే పీహెచ్‌డీకి పేరు నమోదు చేసుకుంది. తక్కువ మాట్లాడే పిల్ల. అడిగినదానికి జవాబు చెప్పి మళ్లీ తెర వైపు తిరిగేది.

మా గదిలోకి తరచుగా వచ్చే ఇంకో మనిషి అప్పన్న. క్షేత్ర సహాయకుడు, అంటే పొలం పనులన్నీ దగ్గరుండి చూసే ఉద్యోగి. ముప్పై ఏళ్ల సర్వీసు. మొదటి నెలలో ఒకరోజు మౌనిక వెనక నిలబడి తెర మీద వరుసగా పోతున్న అక్షరాలను చాలాసేపు చూశాడు.

"ఇందులో వరి ఏదండి మేడంగారు? అచ్చరాలే అగుపిస్తన్నాయి" అన్నాడు.

అవే వరి అని చెప్పాను. తల ఊపి వెళ్లిపోయాడు. నమ్మినట్టు లేడు.

రెండో ఏడాది వేసవిలో మాకు దొరికింది. నివ్వరి జన్యుక్రమంలో ఒక పెరాక్సిడేజ్ జన్యువు పక్కపక్కనే రెండుగా కనిపించింది. మన వరిలో అదే చోట ఒక్కటే ఉంది. మేం చూసిన మిగతా జాతుల్లోనూ ఒక్కటే. ప్రకృతిలో జన్యువు జంటగా మారడం మామూలే. అలా వచ్చిన రెండో ప్రతి ఒక్కోసారి కొత్త పని నేర్చుకుంటుంది. అడవి వరి గట్టిదనానికి ఇదే కారణమేమో అని నాకనిపించింది. కొన్ని నెలల్లో ఆ 'ఏమో' నా నోట్లోంచి పోయింది. ఆ రెండో జన్యువును సంకరం చేసి మన వరిలోకి తేవచ్చు. అది నా చేతుల మీదుగా జరగకపోయినా, మొదట చూపినవాళ్లుగా మా పేర్లుంటాయి. స్థానాధిపతి సంతోషించి, నేను వారించేలోగా కేంద్ర కార్యాలయానికి ఫోన్ చేసి చెప్పేశారు.

నవంబరు మొదటి వారంలో సమీక్ష. సహ పరిశోధన సంచాలకులు అధ్యక్షులుగా నలుగురు నిపుణులు కూర్చుని పథకాన్ని పొడిగించాలో ఆపాలో నిర్ణయిస్తారు. ఆ నివేదికలో మొదటి పేజీ అంతా ఆ జంట జన్యువు గురించే రాశాను.

అక్టోబరు నడుమ ఒక మధ్యాహ్నం మౌనిక నా బల్ల దగ్గరకొచ్చి నిలబడింది. ఎప్పుడూ ల్యాప్‌టాప్ పట్టుకొచ్చే మనిషి ఆరోజు ఒక్క కాగితంతో వచ్చింది.

"మేడం, ఆ రెండో జన్యువు లేదండి" అంది.

ఆమె వివరించింది ఇది. యంత్రం జన్యుక్రమాన్ని ఒక్కసారిగా చదవదు. చిన్న చిన్న ముక్కలుగా ఎన్నోసార్లు చదువుతుంది. ఆ ముక్కలను కలిపి కుట్టేది కంప్యూటర్. ప్రతి చోటునూ ఎన్నిసార్లు చదివిందో లెక్క ఉంటుంది. నిజంగా రెండు జన్యువులుంటే రెండింటికీ పూర్తి లెక్క రావాలి. మా జంటకు మాత్రం సగం, సగం వచ్చింది. అంటే ఉన్నది ఒక్కటే. మన వరి తన పుప్పొడితో తానే గింజ కడుతుంది కాబట్టి తల్లి వైపు ప్రతి, తండ్రి వైపు ప్రతి ఒకేలా ఉంటాయి. అడవి వరి పక్క మొక్క పుప్పొడిని కూడా రానిస్తుంది. అందుకని దాని రెండు ప్రతులూ కొంచెం తేడాగా ఉంటాయి. కుట్టే కంప్యూటర్ ఆ తేడా చూసి, ఒకే జన్యువు తాలూకు రెండు రూపాలను రెండు జన్యువులనుకుని పక్కపక్కన పేర్చింది.

చెబుతుండగానే నాకు అర్థమైంది. ప్రజననం చదివినదాన్ని, అర్థం కాకపోవడమేం. అర్థమైనందుకే కోపం వచ్చింది.

"ఆరు నెలలుగా నీ చేతిలోనే ఉంది కదా, ఇప్పుడా చెప్పేది?" అన్నాను.

ముందే చూడాల్సిందనీ, చూడకపోవడం తన తప్పేననీ ఒప్పుకుంది. నేను ఈనాటికీ గుర్తొస్తే సిగ్గనిపించే మాట అన్నాను. నివేదికలో 'రెండు జన్యువులున్నాయి' అన్నచోట 'ఉన్నట్టు కనిపిస్తోంది' అని మార్చమన్నాను. అది అబద్ధం కాదు కదా, కంప్యూటర్‌కు అలాగే కనిపించింది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పొడిగింపు వచ్చాక నెమ్మదిగా సరిదిద్దవచ్చు. అప్పటికి నేను రిటైరవడానికి దగ్గర పడతాను. ఈ రెండో లెక్క కూడా మనసులో ఉంది, దాచను.

మౌనిక వెళ్లి మాట మార్చి కాగితాలు నా బల్ల మీద పెట్టింది.

మర్నాడు ఉదయం నేను వచ్చేసరికి వాటి మీద ఇంకో కాగితం ఉంది. నివేదిక నుంచి తన పేరు తొలగించమని మూడు వాక్యాల ఉత్తరం. కింద సంతకం.

ఆమెను పిలిచి కూర్చోమన్నాను. పేరు తీసేస్తే నీ పీహెచ్‌డీకి ఏం మిగులుతుందని అడిగాను.

"ఏం మిగలదు మేడం" అంది. "మా నాన్న బియ్యం మూట కొనేటప్పుడు పైన చూసి ఊరుకోరండి. ఇనప గొట్టం అడుగుదాకా గుచ్చి గింజలు తీస్తారు. ఒకసారి అడుగున పుచ్చు బియ్యం వచ్చాయి. పైపైన అమ్మేస్తే ఎవరికి తెలుస్తాదని గుమాస్తా అన్నాడు. 'నాకు తెలిసిపోనాది కదరా' అన్నారు మా నాన్న. నాకూ తెలిసిపోయిందండి" అంది.

కోపంగా అనలేదు. నన్ను తప్పుపట్టినట్టూ అనలేదు. లేచి తన కుర్చీలోకి వెళ్లి కూర్చుంది. నేను ఆ గదిలో ఉండలేక విత్తనాల గిడ్డంగి వైపు నడిచాను. అప్పన్న అక్కడ సంచులకు చీటీలు కడుతున్నాడు. నా మొహం చూసి స్టూలు జరిపాడు. ఎవరికో ఒకరికి చెప్పుకోవాలనిపించి జరిగినదంతా చెప్పాను. నివేదికలో మాట మార్పించిన సంగతి కూడా. అంతా విని అతను ఒక్కటే అడిగాడు.

"ఆ మొక్క ఎలగుంటాదో ఎప్పుడైనా సూసేరా మేడంగారు?"

కాలేజీ రోజుల్లో చూశాను. ఈ పథకం మొదలయ్యాక మాత్రం చూడలేదు. రెండేళ్లకు పైగా దాని జన్యువుల మీద బతుకుతూ దాని ఆకు ముట్టుకోలేదు.

"మా అత్తోరి ఊరి గెడ్డనిండా అదే. బాలుంగ. రండి, సూపిస్తాను. కావాలంటే కోసి తెచ్చుకుందాం" అన్నాడు.

ఆ మాటతో నాలోని పాత ప్రజననకారిణి లేచి కూర్చుంది. ఈ తగువు తేల్చడానికి కంప్యూటర్ ఒక్కటే దారి కాదు. నిజంగా రెండు జన్యువులుంటే ప్రతి బాలుంగ మొక్కలోనూ రెండు రూపాలూ కనిపించాలి. ఒకే జన్యువైతే కొన్ని మొక్కల్లో ఒక రూపం, కొన్నిట్లో రెండోది, కొన్నిట్లో రెండూ ఉండాలి. ఇది మా శాస్త్రంలో ఓనమాల పాఠం. వెనక్కి వెళ్లి మౌనిక ఉత్తరం ఆమె చేతికే ఇచ్చేశాను. నివేదికలో ఆ పేజీ తీసేస్తున్నాననీ, రేపు పొలానికి వెళ్తున్నామనీ చెప్పాను. క్షమించమని అడిగాను. ఆమె "అయ్యో, మేడం" అంది. ఆ సాయంత్రమే స్థానాధిపతికీ సంగతంతా చెప్పాను.

అంతకు వారం ముందు వాయుగుండం పట్టి వంశధార పొంగింది. మేం బయల్దేరిన రోజుకు నీళ్లు తీసి మూడు రోజులైంది. జీపులో శ్రీముఖలింగం దాటి, పాతపట్నం వైపు పోయే రోడ్డు మీద కొంత దూరం వెళ్లి, కుడిచేతి మట్టిదారిలో దిగాం. అప్పన్న భార్యకు అక్క గవరమ్మ. అరవై దాటిన మనిషి. భర్త పోయాక పల్లపు పొలం తనే చేయించుకుంటోంది. అప్పన్న ఆమెను వదిన అంటాడు. నేను అక్కను పిలిచే మా వైపు పద్ధతిలో అప్పా అని పిలిచాను. ఆ పిలుపు నా నోటికొచ్చి ముప్పై ఏళ్లయింది.

ఆమె మడి చూస్తే ఎవరికైనా దిగులేస్తుంది. వానలు ఆలస్యమై ఉభాలు, అంటే నాట్లు, ఆలస్యంగా వేశారు. పిలక దశలో ఉన్న పైరు నిండా మునిగి తేలింది. ఆకులు నేలకు అతుక్కుని పండుబారిపోయాయి. గట్టు కింద గుంటలో బాలుంగ నిటారుగా నిలబడి ఉంది. అదీ అదే నీటిలో, అన్నే రోజులు మునిగిందని అప్పన్న చెప్పాడు. ఒకటి రెండు ఎత్తు దుబ్బులకు ఎర్రటి ముళ్లతో కంకులు కూడా వచ్చాయి.

వాటిని కోయడానికి ఇంత దూరం వచ్చామంటే గవరమ్మకు వింతగా తోచింది.

"దీన్ని పీకనేక సస్తన్నాం. మీరు దీనికోసం వొచ్చేరా?" అంది.

ముంపును ఇది ఎలా తట్టుకుంటుందో తెలుసుకోవాలని చెప్పాను. ఆమె ఒంగి తన పైరు దుబ్బు ఒకటి చేత్తో పైకెత్తి వదిలేసింది. అది వాలిపోయింది.

"ముంపులో ఏటీ అవనేదమ్మా. నీట్లో ఉన్నన్నాళ్లూ మా వరీ పచ్చగానే ఉన్నాది, ఇదీ పచ్చగానే ఉన్నాది. నీరు తీసినాక ఒక్క పూట ఎండ కాసింది సూడు, మా వరి ఉడకేసిన తోటకూరనాగ వాలిపోనాది. దీనికి ఏటవనేదు. సంపేది నీరు కాదు, ఆ తరవాత ఎండ."

ఎంతసేపట్లో వాలిందని అడిగాను.

"పొద్దున్న నీరు తీస్తే మాపటికే తెలిసిపోతాది. ఏటేటా సూస్తన్నదే కదా" అంది.

మౌనిక నోటుబుక్కులో రాసుకుంటోంది. ఆ విషయం శాస్త్రానికి కొత్త కాదు. నీటిలో ఉన్నప్పుడు ప్రాణవాయువు తక్కువ, వెలుతురు తక్కువ. నీరు తీయగానే రెండూ ఒక్కసారిగా మీద పడతాయి. కణాల్లో విషం ఎక్కువగా పుట్టేది అప్పుడే. ఈ సంగతి పత్రికల్లో వచ్చింది, నేను చదివాను కూడా. చదివిన నేనే, ఏ జన్యువు ఎప్పుడు పనిలోకి దిగుతుందో చూసేందుకు మేం తీసుకున్న సమాచారం ఏ గంటలో కోసిన ఆకుదో ఒక్కసారి అడగలేదు. తిరుగు ప్రయాణంలో మౌనిక ఆ మాటే అంది. మేం వాడినవన్నీ నీటిలో ఉండగా కోసిన ఆకులవే. నీరు తీశాక కోసినది ఒక్కటీ లేదు.

వెనక సీట్లో ఐసు పెట్టెలో ముప్పై మొక్కల ఆకులున్నాయి. ముదిరిన కంకులకు బటర్ పేపర్ సంచులు తొడిగి వచ్చాం. గింజ రాలితే సంచిలోనే పడాలి. వాటిని పది రోజులకు తెమ్మని అప్పన్నకు చెప్పాను. ఆకుల పరీక్షకు విశాఖపట్నంలో ఒక పాత సహాధ్యాయి ప్రయోగశాల సాయం చేసింది. నాలుగో రోజున ఫలితం వచ్చింది. కొన్ని మొక్కల్లో ఒక రూపం, కొన్నిట్లో రెండోది, కొన్నిట్లో రెండూ. ఉన్నది ఒకటే జన్యువు.

సమీక్షలో అన్నిటికన్నా ముందు ఆ సంగతే చెప్పాను. ముందుగా ఫోన్‌లో తెలియజేసిన ఫలితం తప్పని, దాన్ని ఉపసంహరించుకుంటున్నామని చదివాను. స్థానాధిపతి తల దించుకున్నారు. ఆయనను ఆ ఇబ్బందిలో పెట్టింది నేనే. నిపుణుల్లో ఒకాయన, అయితే ఇన్నాళ్ల పనిలో ఒక జన్యువును తగ్గించారన్నమాట అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. అధ్యక్షులు నవ్వలేదు. తప్పు ఎవరు పట్టుకున్నారని అడిగారు. మౌనిక పేరు చెప్పాను. ఆమెనే వివరించమన్నారు. గోడ పక్క కుర్చీలో ఉన్న మౌనిక లేచి, ముక్కల లెక్క దగ్గర నుంచి ఆకుల పరీక్ష దాకా చెప్పింది. చివర్లో, నీరు తీసిన తర్వాతి గంటల్లో ఏ పెరాక్సిడేజ్ ముందుగా లేస్తుందో చూడాలని ఉందనీ, ఆ ఆలోచన గవరమ్మ అనే రైతు మాట నుంచి వచ్చిందనీ చెప్పింది.

మూడేళ్ల పొడిగింపు రాలేదు. ఒక్క ఏడాది ఇచ్చారు, అదీ మొక్కల మీద రుజువు చేయడానికే. ఫెలో పోస్టుకు మాత్రం కొత్తగా మంజూరు తెచ్చుకోమన్నారు. అలా మార్చిలో పాత మంజూరు ముగిసి, ఏప్రిల్ నుంచి జూలై చివరి దాకా మౌనికకు ఉద్యోగం లేదు. నిజం చెప్పినందుకు నష్టపోయింది ఆమే. నేను కాదు. ఆ నాలుగు నెలలూ ఆమె కొత్తవలస నుంచి వారానికి మూడు రోజులు రైల్లో వచ్చి పని చూసుకుని వెళ్లేది. ఎందుకమ్మా ఈ అవస్థ అంటే, ఇంట్లో ఉంటే నాన్న కొట్లో కూర్చోబెడతారని నవ్వేసింది. నేను మంజూరు కోసం రాసిన ఉత్తరాల నకళ్లు ఒక ఫైలు నిండాయి. స్థానాధిపతి స్వయంగా రెండుసార్లు కేంద్ర కార్యాలయానికి వెళ్లి అడిగారు. నేను ఆయనకు తలవంపులు తెచ్చాక కూడా వెళ్లారు. ఆ సాయం మరవలేను.

ఆ ఖరీఫ్‌లో మొదటి రోజు నేను అక్కర్లేదన్న పొలంలోనే ఒక మూల సిమెంటు తొట్టె కట్టించాం. బాలుంగ గింజలు వెంటనే మొలవవు. వాటిని కొన్ని రోజులు వెచ్చగా ఉంచి నిద్ర లేపాలి. లేపి, మన వరి రకాలతో పాటు కుండీల్లో పెంచి, తొట్టెలో పది రోజులు ముంచాం. పదకొండో రోజు ఉదయం అప్పన్న కుండీలను ఒక్కొక్కటే ఎండలోకి తీశాడు. గంటకు, మూడు గంటలకు, ఆరు గంటలకు ఆకులు కోసి ఐసులో పెట్టాం. మధ్యాహ్నం దాటేసరికి మన వరి వాలడం నా కళ్లతో చూశాను. గవరమ్మ చెప్పినట్టే, మాపటికి తెలిసిపోయింది.

ఫలితం చిన్నది. అన్ని వరి జాతుల్లోనూ ఉన్న ఒక మామూలు పెరాక్సిడేజ్, బాలుంగలో నీరు తీసిన మొదటి గంటలోనే పనిలోకి దిగుతోంది. మన రకాల్లో చాలా ఆలస్యంగా దిగుతోంది. జన్యువులో తేడా లేదు, దానికి ముందుండి దాన్ని పనిలోకి దింపే భాగంలో తేడా ఉంది. మేం రెండేళ్ల కిందటే జాబితాలో రాసుకుని, విశేషమేం లేదని పక్కన పెట్టిన జన్యువది. బాలుంగ బతకడానికి కారణాలు ఇంకా చాలా ఉండొచ్చు. ఇది ఒకటి. రెండు రూపాలూ ఉన్న మొక్కల సంచుల్లోంచి తెచ్చిన గింజల సంతానంలో ఆ పాత జంట రూపాలు కూడా పుస్తకంలో చెప్పినట్టే పావు, సగం, పావు వంతులుగా విడిపోయాయి.

పరిశోధన పత్రంలో మొదటి పేరు మౌనికది. అప్పన్న పేరూ రచయితల్లో చేర్చాం. క్షేత్ర సహాయకుల పేర్లు సాధారణంగా కింద కృతజ్ఞతల్లో ఉంటాయి. పైన ఉండాలని మౌనిక పట్టుబట్టింది. గవరమ్మ మాటను ఆమె అనుమతితో, ఆమె పేరుతో పత్రంలోనే రాశాం. మౌనికకు పీహెచ్‌డీ వచ్చింది. ఇప్పుడు విజయనగరంలో ఒక కళాశాలలో పాఠాలు చెబుతోంది. నేను రిటైరైన రోజు ఆమె, అప్పన్న కలిసి నన్ను బస్సు దాకా దిగబెట్టారు.

ఆ పత్రం అచ్చయ్యాక ఒక ప్రతి పట్టుకుని గవరమ్మ దగ్గరకు వెళ్లాను. ఇంగ్లీషులో ఉంది కాబట్టి ఆమె గురించి రాసిన భాగం తెలుగులో చెప్పాను. తన పేరెక్కడుందో చూపించమంటే చూపించాను. వేలు పెట్టి చూసుకుని కాగితం నా చేతికిచ్చేసింది.

"బాగానే ఉన్నాది గానీ, ఇత్తనం ఎప్పుడిస్తావు?" అంది.

ఇంకా లేదని చెప్పాను. మా స్థానంలో ఒక యువ శాస్త్రవేత్త బాలుంగతో సంకరాలు మొదలుపెట్టాడనీ, రాలే గుణం పోగొట్టి, బతికే గుణం ఉంచాలంటే ఏళ్లు పడుతుందనీ, అసలు కుదురుతుందో లేదో కూడా ఇప్పుడే చెప్పలేననీ అన్నాను.

"అయితే అవనేదని సెప్పడానికి ఇంత దూరం వొచ్చేవా?" అని, "కూసో, టీ పెడతాను" అని లోపలికి వెళ్లింది.

ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవారి కోసం, ఈ అనుభవం నాకు నేర్పింది చెబుతాను. కంప్యూటర్ ఇచ్చిన ప్రతి వరుస వెనకా ఒక మొక్క, ఒక ఆకు, ఆ ఆకు కోసిన గంట ఉంటాయి. అవేమిటో కనుక్కోకుండా దాని మీద సంతకం పెట్టకూడదు. తప్పు బయటపడిన రోజే పైవారికి చెప్పాలి, పట్టుకున్నవారి పేరుతో సహా చెప్పాలి. నేను ఒక రోజు ఆలస్యం చేశాను. ఆ ఒక్క రోజు రెండేళ్లు కాకుండా నన్ను ఆపింది నాకన్నా హోదాలో ఎంతో కింద ఉన్న మనిషి. కింది ఉద్యోగి తన పేరు తీసేయమని అడిగిందంటే, ముందు ఆ కాగితాన్ని మళ్లీ చదవాలి.